గట్టిపడుటకు అనుమతి

మా సంస్థలో ఏ రెండు ద్రవాలను కలిపినా, ఐదుగురు సంతకాలు పెట్టేవరకు ఆ మిశ్రమాన్ని కదపకూడదు. ఇది పదిహేడో నంబరు సర్క్యులరు. కొత్తగా చేరినవాళ్ళు ఇది వినగానే నవ్వి, క్యాంటీనులో పాలూ డికాక్షనూ సంగతేమిటని అడుగుతారు. క్యాంటీనుకి మినహాయింపు కోరుతూ ఫైలు పెట్టి ఏడాదిన్నర అయింది, అది పరిశీలనలో ఉంది. అంతవరకు మాకు పాలు ఒక గ్లాసులో, డికాక్షను ఇంకో గ్లాసులో ఇస్తారు. కలుపుకోవడం ఉద్యోగి వ్యక్తిగత బాధ్యత.

నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని, పేరు లింగమూర్తి. సర్క్యులర్లన్నీ టైపు చేసేది నేనే కాబట్టి వాటి మీద నాకు కొంచెం పుత్రవాత్సల్యం ఉంది. సంస్థ పేరు చేతిపనుల ప్రోత్సాహక సంస్థ. సముద్రం ఒడ్డునున్న మా ఊళ్ళో దానికి రెండంతస్తుల భవనం, ఆ వెనక శిక్షణ కోసం ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. చేతిపనులు షెడ్డులోనూ, ప్రోత్సాహం భవనంలోనూ జరుగుతాయి.

ఆ సర్క్యులరు ఊరికే పుట్టలేదు. రెండేళ్ళ కిందట రాష్ట్రమంతటికీ రెజిన్ పని పిచ్చి పట్టింది. రెజిన్ అంటే తేనెలా సాగే ఒక ద్రవం. అందులో హార్డెనర్ అనే రెండో ద్రవాన్ని కొలత ప్రకారం కలిపి అచ్చులో పోస్తే మర్నాటికి గాజులా గట్టిపడుతుంది. లోపల పువ్వులో గవ్వలో పెట్టి కీచైన్లు, గోడగడియారాలు, టీపాయిలు చేస్తారు. అప్పటి శిక్షకుడు సంస్థ వార్షికోత్సవం నాడు ఉత్సాహం పట్టలేక, కప్పులో కలపాల్సినదాన్ని బకెట్లో కలిపాడు. ఆ రెండూ కలిస్తే వేడి పుడుతుంది. కప్పులో అయితే గోరువెచ్చగా ఉండి ఊరుకుంటుంది. బకెట్ నిండా ఉంటే ఆ వేడి బయటికి పోయే దారిలేక లోపలే పెరిగిపోతుంది. మా డిప్యూటీ డైరెక్టరు విరూపాక్షరావు గారు 'చేతిపనులకు చల్లని భవిష్యత్తు' అనే అంశం మీద ఉపన్యసిస్తుండగా బకెట్ పొగలు కక్కింది. సభ చెదిరిపోయింది, ఉపన్యాసం ఇంకా పదకొండు పేజీలు మిగిలిపోయింది. ఆ పదకొండు పేజీల కోపమే పదిహేడో నంబరు సర్క్యులరు.

దాని ప్రకారం రెజిన్‌ ఒక గదిలో, హార్డెనర్ ఇంకో గదిలో ఉండాలి. రెజిన్ గదికి జోగారావు, హార్డెనర్ గదికి సన్యాసిరావు స్టోర్ కీపర్లు. మిశ్రమాన్ని వాళ్ళిద్దరూ, అకౌంట్సు ఆఫీసరూ, భద్రతాధికారీ, చివరగా డిప్యూటీ డైరెక్టరు గారూ చూసి సంతకాలు పెట్టాలి. ఆ తర్వాతే అచ్చులో పొయ్యాలి. ఈ తనిఖీ కలపకముందే చెయ్యవచ్చు కదా అని నేనే ఒకసారి అమాయకంగా అడిగాను.

"కలపకముందు మిశ్రమం ఎక్కడుందయ్యా?" అన్నారు విరూపాక్షరావు గారు. "లేని వస్తువుని తనిఖీ చేశామని రాస్తే అది తప్పుడు నివేదిక కాదూ?"

నిజమే అనిపించింది. ఆయన మాటలు విన్నప్పుడు నాకు ఎప్పుడూ నిజమే అనిపించేది. ఇంటికెళ్ళాకే తేడా చేసేది.

ఈ పరిస్థితుల్లో కొత్త శిక్షకురాలిగా కనకమాలక్ష్మి వచ్చింది. ముప్పై ఐదేళ్ళ మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం. ఆవిడ దగ్గర పద్నాలుగు మంది ఆడవాళ్ళు పని నేర్చుకునేవాళ్ళు. అందరూ అంతకుముందు రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళల్లో రొయ్యలు వలిచినవాళ్ళే. కొందరికి గోళ్ళు ఊడిపోయి ఉండేవి. వాళ్ళకి బీచి రోడ్డులో ఆరో నంబరు షాపు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. షరతు ఒక్కటే. జూలై ఇరవై ఎనిమిదిన కమిషనరు మేడమ్ వచ్చేసరికి, వాళ్ళు చేసిన వస్తువు ఒకటి మా ఆఫీసు ఐదు సంతకాలతో సిద్ధంగా ఉండాలి. లేకపోతే షాపు జాబితాలో తర్వాతున్న ఐస్‌క్రీమ్ కంపెనీకి పోతుంది, వీళ్ళు మళ్ళీ రొయ్యల షెడ్డుకి పోతారు.

జూన్ నాలుగో తేదీ పదకొండున్నరకి ఆవిడ మొదటి కప్పు కలిపి నా బల్ల మీద పెట్టింది.

"సార్, బేగి సంతకాలెట్టించండి. నలభై నిమిషాలు దాటితే పొయ్యడానికి రాదు."

"అమ్మా, నలభై నిమిషాల్లో ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకి కూడా వెళ్ళదు," అన్నాను. గొప్పకి కాదు, ఉన్న మాటే.

జోగారావు భోజనానికి వెళ్ళాడు. సన్యాసిరావు, జోగారావు సంతకం లేనిదే తను పెట్టనన్నాడు. భద్రతాధికారి కప్పుని కిటికీలోంచి చూశాడు, దగ్గరికి రాలేదు. పన్నెండూ పదికి నేను కప్పులో ఉన్న పుల్ల పట్టుకుని లాగితే కప్పుతో సహా లేచింది. మర్నాటికి కప్పూ పుల్లా కలిసి రాయి అయిపోయాయి.

విరూపాక్షరావు గారు కప్పుని తెప్పించుకుని నాలుగువైపులా తిప్పి చూశారు.

"దీన్ని గట్టిపడమని ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పక్కర్లేదండి," అంది కనకమాలక్ష్మి. "రెజిన్లో ఒక్కో రేణువుకీ హార్డెనర్లో ఒక జత ఉంటాదండి. రెండూ కలిస్తే సేతులు పట్టీసుకుంటాయి. అందరూ అలగ పట్టీసుకుంటే ఇంకెవులూ కదల్లేరు. అదే గెట్టిపడ్డం. బట్ట ఆరినట్టు కాదు సార్ ఇది, మజ్జిలో ఆపడానికి."

"ఈ చేతులు పట్టుకోవడం ఏ అధికారి సమక్షంలో జరుగుతోంది?"

ఆవిడ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"చూడమ్మా," అన్నారాయన శాంతంగా, "ద్రవరూపంలో జారీ అయిన ప్రభుత్వ సామగ్రి ఘనరూపంలోకి మారాలంటే పూర్వానుమతి ఉండాలి. లేకపోతే రేపు ఈ బీరువా ఆవిరైపోతానంటుంది. అప్పుడు నేను పైవాళ్ళకి ఏం జవాబు చెప్పుకోను?"

ఆ సాయంత్రం నాచేత మెమో టైపు చేయించారు. 'సదరు మిశ్రమము జూన్ 4వ తేదీన 11.30 గంటలకు కలపబడి, కమిటీ సంతకములు పూర్తికాకమునుపే ఏకపక్షముగా గట్టిపడినది. ఈ చర్యకు గల కారణములను ఏడు దినములలో తెలియజేయవలెను. లేనిచో చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.' మెమో ఎవరికి ఇవ్వాలని అడిగాను. తప్పు చేసినవాళ్ళకే అన్నారు. కప్పుకి అంటించి, అంటించినట్టు ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించాను. ఏడు రోజులు చూశాం. కప్పు జవాబివ్వలేదు. చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించి ఫైలు మూసేశాం.

తర్వాత విరూపాక్షరావు గారు స్వయంగా లోతుగా ఆలోచించారు. ఆయన లోతుగా ఆలోచించినప్పుడల్లా మా సంస్థకి ఒక కొత్త సర్క్యులరు వచ్చేది. ఈసారి దోషి దొరికాడు. గట్టిపరుస్తున్నది హార్డెనర్ కాబట్టి హార్డెనర్‌లో యాభై శాతం కోత విధించారు.

"సగమే ఏస్తే సగం రెజిన్‌కి జత దొరకదండి," అని కనకమాలక్ష్మి మొత్తుకుంది. "రెండు పాళ్ళకి ఒక పాలు. తక్కువా కూడదు, ఎక్కువా కూడదు."

"ఆఫీసులో సగం పోస్టులు ఖాళీగానే ఉన్నాయి. పని ఆగిందా?" అన్నారాయన.

ఆగలేదన్న మాట నిజమే. మొదలైతే కదా ఆగడానికి.

కోత పథకం అద్భుతంగా పనిచేసింది. మూడు రోజుల్లో ఐదు సంతకాలూ తీరిగ్గా వచ్చాయి. మిశ్రమం కూడా గుమ్మం దగ్గర అర్జీదారుడిలా అణకువగా ఎదురుచూసింది. దాన్ని పళ్ళెం అచ్చులో పోశారు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, పాకం పాకంలాగే ఉంది. చీమలు వచ్చి ఇరుక్కున్నాయి. పరిశీలించడానికి వచ్చిన అకౌంట్సు ఆఫీసరు జేబురుమాలు ఇరుక్కుంది. కమిటీ తన నివేదికలో, 'అన్నియు నియమబద్ధముగా ఉన్నవి, గట్టిపడుట ఒక్కటే పెండింగులో ఉన్నది' అని రాసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదేనని నేను అనుకున్నాను గానీ నివేదికలో రాయలేదు.

అప్పుడు విరూపాక్షరావు గారు ఉదారంగా హార్డెనర్‌ని రెట్టింపు చేశారు. సగం తగ్గిస్తే గట్టిపడలేదు కనుక రెట్టింపు చేస్తే రెండింతలు గట్టిపడాలని ఆయన లెక్క. కనకమాలక్ష్మి ఈసారి మొత్తుకోలేదు, తల పట్టుకుంది.

"జత దొరకని హార్డెనరు అందులోనే తిరుగుతాది సార్. ఉప్పెక్కువేస్తే కూర బేగి ఉడుకుద్దేటి?"

ఆ కొలతతో పోసిన పలక నువ్వుల జీడి మిఠాయిలా వంగింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి, మెల్లిగా పైకి లేచింది. విరూపాక్షరావు గారు దాన్ని పావుగంట సేపు నొక్కుతూ కూర్చున్నారు. ఆయన అంత ఆనందంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

జూలై వచ్చింది. పాత కొలతే మళ్ళీ ఆమోదించి, ఐదుగురూ ఒకేచోట కూర్చుని నలభై నిమిషాల లోపల సంతకాలు చెయ్యాలని కొత్త ఏర్పాటు చేశారు. చల్లటి చోట ఉంచితే ఇంకో పావుగంట కలిసొస్తుందని కనకమాలక్ష్మి చెప్పడం వల్ల, సమావేశం డిప్యూటీ డైరెక్టరు గారి ఏసీ గదిలో పెట్టారు. మా సంస్థ చరిత్రలో కమిటీ సభ్యులందరూ హాజరైన సమావేశం అదే. కప్పు బల్ల మధ్యలో పెట్టారు. నాకు కూడా ఆశ కలిగింది. అప్పుడు జోగారావు పెన్ను తీశాడు, సన్యాసిరావు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు ముందెలాగెడతావురా? సర్వీసులో నాకంటే నాలుగు నెలలు సిన్నోడివి."

"సర్వీసు కాదు, సరుకు సూడు. ఇందులో రెండు పాళ్ళు నాది. నీది ఒక్క పాలు."

"నా ఒక్క పాలు లేకపోతే నీ రెండు పాళ్ళూ పానకం!"

ఈ చర్చలో ఇద్దరివైపూ బలమైన వాదనలున్నాయి. అవన్నీ నేను మినిట్సులో రాశాను, తొమ్మిది పేజీలు వచ్చాయి. యాభై ఐదో నిమిషంలో విరూపాక్షరావు గారు రాజీ కుదిర్చి, ఇద్దరూ ఒకేసారి పెట్టేలా తీర్పు చెప్పారు. అప్పటికి పుల్ల నిటారుగా నిలబడిపోయింది. ఇలా రోజుకో సమావేశం చొప్పున జూలై ఇరవై రెండు నాటికి నా బీరువాలో పందొమ్మిది కప్పులు చేరాయి.

ఆ రోజు సాయంత్రం నేను షెడ్డు వైపు వెళ్ళాను. పద్నాలుగు మందిలో పన్నెండు మందే ఉన్నారు. ఇద్దరు ఆ పొద్దున్నే రొయ్యల షెడ్డుకి తిరిగి వెళ్ళిపోయారని తెలిసింది. ఒక మూల చింతచెక్కతో చేసిన టీపాయి, మధ్యలో చిటికెనవేలు లోతు కాలువతో, రెండు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఆ కాలువలో నీలం రెజిన్ పోసి, గవ్వలు పెట్టి, సముద్రంలా కనబడేలా చెయ్యాలని వాళ్ళ కోరిక. ఆ ఖాళీ కాలువ చూస్తే నాకు సిగ్గేసింది. నేను టైపు చేసిన అక్షరాలే కదా దాన్ని ఎండబెట్టినవి.

"ఆ సర్క్యులరు మళ్ళీ ఒకసారి సదవండి సార్," అంది కనకమాలక్ష్మి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

నాకు కంఠతా వచ్చు. నాలుగో పేరా దగ్గరికి వచ్చాను. 'సంతకములు పూర్తియగు వరకు మిశ్రమమును, కలిపిన పాత్రలోనే ఉంచవలెను.'

"కలిపిందాంట్లోనే ఉంచాల. పొయ్యకూడదు. అంతే కదండి?"

"అంతే."

"ఎన్నాళ్ళుంచినా ఏటీ అనరు కదా?"

"ఎన్నాళ్ళుంచితే అంత మంచిది."

ఆవిడ టీపాయి వైపు చూసింది. నేనూ చూశాను. తర్వాత నేను ఆఫీసుకి వెళ్ళి, స్టోర్సు జాబితా తీసి, 'మిశ్రమము కలుపు పాత్ర, చింతచెక్కది, నాలుగు కాళ్ళు గలది, ఒకటి' అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పకుండా నేను పెట్టిన మొదటి సంతకం అదే.

"పాత్రకి కాళ్ళెందుకండి?" అన్నాడు జోగారావు మర్నాడు.

"ఒంగుని కలిపితే నడుం నొప్పండి," అంది కనకమాలక్ష్మి.

జోగారావుకీ నడుం నొప్పి ఉంది. వెంటనే రెజిన్ ఇచ్చాడు, అది చూసి సన్యాసిరావు హార్డెనర్ ఇచ్చాడు.

అచ్చులోనే కలపడం ఆ పనిలో తప్పు. మూలల్లో సరిగ్గా కలవక జిగురు మిగిలిపోతుందని ఆవిడే మొదటిరోజు పాఠంలో చెప్పింది. అందుకని పన్నెండు మంది చుట్టూ నిలబడి, తలో పుల్లా పట్టుకుని, అడుగూ అంచులూ మూలలూ గీకుతూ, బుడగలు లేవకుండా నెమ్మదిగా కలిపారు. నీలం రంగు వేశారు. అంచుల వెంట గవ్వలు దించారు. నేను గడియారం చూస్తూ, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అది నా ఉద్యోగంలో భాగం కాదు.

కమిటీ వచ్చింది. మిశ్రమం పాత్రలోనే ఉందా అని అడిగింది, ఉంది. ఎక్కడా పొయ్యలేదు కదా అని అడిగింది, చుక్క కూడా పొయ్యలేదు. ఎవరు ముందు సంతకం పెట్టాలన్న చర్చ మర్నాటికి వాయిదా వేసుకుని, తృప్తిగా వెళ్ళిపోయారు. అలా మూడు రోజులు వాయిదా పడింది. కాలువ నిండా ఉన్నది రుద్దడానికి వచ్చేంత గట్టిపడటానికి కావలసింది సరిగ్గా మూడు రోజులే. నా సర్వీసులో మా కమిటీ ఒక పనిని సకాలంలో పూర్తిచెయ్యడం అదే మొదలు.

ఇరవై ఏడో తేదీ మధ్యాహ్నం విరూపాక్షరావు గారు షెడ్డుకి వచ్చారు. వేలితో తట్టి చూశారు. టక్కుమంది. ఆయన నా వైపు తిరిగారు.

"లింగమూర్తీ, ఇది టీపాయిలా ఉందే."

"పాత్రండి. జాబితాలో ఉంది."

"అయితే తొమ్మిదో పేరా ఏమంటోంది?"

చెప్పాను. చెప్పక తప్పదు. 'ఉపయోగించిన పాత్రను శుభ్రముగా కడిగి, సాయంత్రములోగా స్టోర్సుకు అప్పగించవలెను.'

"కడగండి," అన్నారాయన. "చెక్క తప్ప ఏమీ మిగలకూడదు." పర్యవేక్షణకి జోగారావుని, ఒక సబ్బుబిళ్ళని అక్కడ వదిలి వెళ్ళిపోయారు.

పన్నెండు మందీ కనకమాలక్ష్మి వైపు చూశారు. ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది. కనకమాలక్ష్మి సబ్బు పక్కన పెట్టి, పెట్టెలోంచి వాటర్ పేపరు తీసింది. నల్లటి గరుకు కాగితం, నీళ్ళు చల్లుతూ రుద్దడానికి. రెజిన్‌కి ఆఖరి మెరుగు దానితోనే వస్తుంది. ముందు గరుకుది, తర్వాత సన్నది, తర్వాత మరీ సన్నది.

"కడగమన్నారు కదా, కడగండమ్మా," అంది. "బాగా కడగండి."

కడిగారు. మధ్యాహ్నం రెండున్నర నుంచి ఆరు వరకు నీళ్ళు పోస్తూ వంతులవారీగా కడిగారు. జోగారావు బకెట్లతో నీళ్ళు అందించాడు. పొద్దు గుంకే వేళకి ఆ నీలంలో పైనున్న రేకులూ, జోగారావు మీసాలూ స్పష్టంగా కనబడ్డాయి. అతను ఆ మీసాలు సర్దుకుంటూ పైకి వెళ్ళి విరూపాక్షరావు గారికి విన్నవించాడు.

"కడిగిన కొద్దీ మెరిసిపోతందండి. ఇంక మన వల్ల కాదు."

అప్పుడు ఆ గదిలో నేనూ ఉన్నాను. నోట్ ఫైలు తీసి, నిలబడే రాశాను. 'సదరు పాత్ర మూడున్నర గంటలు కడిగినను శుభ్రము కాలేదు. కావున దీనిని నిరుపయోగ పాత్రగా ప్రకటించి స్టోర్సు నుండి తొలగించవచ్చును.' ఒక వస్తువు పనికొస్తుందని సంతకం పెట్టడానికి మావాళ్ళు రెండు నెలలు తన్నుకున్నారు. పనికిరాదని సంతకం పెట్టడానికి పావుగంట కూడా పట్టలేదు. జోగారావు, సన్యాసిరావు ఎవరు ముందన్నది కూడా అడగలేదు. పనికొస్తుందంటే రేపు ఎవరైనా ప్రశ్నిస్తారు. పనికిరాదంటే ఎవరూ ఏమీ అనరు. విరూపాక్షరావు గారు ఐదో సంతకం పెట్టి, ఒక పీడ వదిలిందన్నారు.

మర్నాడు కమిషనరు మేడమ్ వచ్చారు. షెడ్డులో టీపాయి ముందు రెండు నిమిషాలు నిలబడ్డారు. నీలం మీద చెయ్యి రాశారు, వంగి గవ్వలు చూశారు.

"సంతకాలు?" అన్నారు.

కనకమాలక్ష్మి నిన్నటి కాగితం అందించింది. మేడమ్ కింది నుంచి చదవడం మొదలుపెట్టారు. పెద్ద అధికారులందరూ అలాగే చదువుతారు. ఐదు సంతకాలూ లెక్కపెట్టి, ఆ పైది చదవకుండానే షాపు మంజూరు చేస్తున్నానన్నారు. విరూపాక్షరావు గారు ఏదో చెప్పబోయారు గానీ, ఆ ఐదింటిలో ఒకటి తనదే కావడం వల్ల దగ్గుతో సరిపెట్టుకున్నారు.

మంజూరు ఉత్తర్వు తయారు చేసింది రాజధానిలోని ఆఫీసు. షాపులో అమ్మవలసిన వస్తువు పేరుని జతపరిచిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. ఆ పేరు బోర్డు మీద రెండడుగుల అక్షరాలతో రాయాలని షరతు. అందుకని మా బీచి రోడ్డులో ఆరో నంబరు షాపు మీద 'నిరుపయోగ పాత్రల విక్రయ కేంద్రము' అని ఉంటుంది. మార్పు కోరుతూ అర్జీ పెడదామా అని నేను అడిగితే కనకమాలక్ష్మి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

ఆ బోర్డు చూసి నవ్వుకుంటూ లోపలికి వచ్చే జనం, టీపాయిలూ గడియారాలూ పట్టుకుని బయటికి వస్తున్నారు. వెళ్ళిపోయిన ఇద్దరు ఆడవాళ్ళూ తిరిగి వచ్చేశారు. కిందటి ఆదివారం నేను అక్కడ ఉండగా విరూపాక్షరావు గారు వచ్చారు, సఫారీ సూట్లో కాకుండా మామూలు లుంగీ చొక్కాలో. కూతురు కొత్త ఇల్లు కట్టుకుందట. గడియారాలన్నీ తిప్పి తిప్పి చూసి, బోర్డు వైపొకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"వీటిలో ఇంట్లో పెట్టుకోడానికి పనికొచ్చేది ఏదైనా ఉందా అమ్మా?"

"పనికొచ్చేవన్నీ మీ ఆఫీసులోనే ఉండిపోనాయి సార్," అంది కనకమాలక్ష్మి. "మా కాడ అన్నీ పనికిరానివే."

ఆయన రెండు కొన్నారు.